రిజల్యూషనా, రిఫ్రెష్ రేటా: గేమింగ్ మానిటర్ కొనే ముందు ఇంట్లోనే వేసుకోవాల్సిన లెక్క

వైజాగ్ ద్వారకానగర్‌లో ఏ కంప్యూటర్ షాపు మెట్లెక్కి గేమింగ్ మానిటర్ అడిగినా, కాసేపటికి బేరం రెండు డబ్బాల దగ్గర ఆగుతుంది. ఒకదాని మీద పెద్దక్షరాలతో 4కె, రెండోదాని మీద 240 హెర్ట్జ్. "4కె తీసుకోండి సార్, బొమ్మ అద్దంలా ఉంటది" అని ఒకరు, "గేమింగ్‌కైతే హెర్ట్జే సార్" అని పక్క కౌంటర్ నుంచి ఇంకొకరు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే మీ ఇంట్లో ఏ గ్రాఫిక్స్ కార్డు ఉందో, మీరు ఏ గేములు ఆడతారో, మీ బల్ల ఎంత లోతుందో వాళ్లకి తెలీదు. మానిటర్ ఏదో తేల్చేవి ఆ మూడే. అందుకే ఇక్కడ షాపు చివర్లో వస్తుంది. పని ఇంట్లో, ఇప్పుడున్న పాత మానిటర్ ముందే మొదలవుతుంది.

ముందుగా ఆ రెండు అంకెల సంగతి

రిజల్యూషన్ అంటే తెర మీద ఎన్ని పిక్సెళ్లు (బొమ్మని కూర్చే చిన్న చుక్కలు) ఉన్నాయన్నది. 1080పి తెరలో (1920×1080) సుమారు 20.7 లక్షలు, 1440పిలో (2560×1440) 36.9 లక్షలు, 4కెలో (3840×2160) 82.9 లక్షలు. 1080పి నుంచి 4కెకి మారితే గ్రాఫిక్స్ కార్డు ఒక్కో ఫ్రేముకీ, అంటే తెర మీద పడే ఒక్కో బొమ్మకీ, నాలుగు రెట్లు పిక్సెళ్లు గీయాలి.

రిఫ్రెష్ రేటు అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నది, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144లో 6.9, 240లో 4.2, 360లో 2.8. ఈ వరుసలో తేడాలు చూడండి. 60 నుంచి 144కి వెళ్తే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 144 నుంచి 240కి మూడు కూడా రావు. 240 నుంచి 360కి ఒకటిన్నర లోపే. మొదటి గెంతు గేమ్ ముఖం చూడని పెద్దవాళ్లు కూడా మౌస్ కదపగానే పట్టేస్తారు. చివరి గెంతు పోటీల్లో ఆడే పిల్లలకే పనికొస్తుంది.

ఈ రెండు అంకెలూ విడివిడివి అనుకుంటాం గానీ, బొమ్మ కదిలే క్షణంలో అవి ఒకదానిలో ఒకటి చెయ్యి పెడతాయి. ఒక కారు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకి రెండు సెకన్లలో వెళ్లిందనుకోండి. 4కె తెర మీద అది సెకనుకి 1920 పిక్సెళ్లు. తెర 60 హెర్ట్జ్‌దైతే, ఒక్కో ఫ్రేము అలాగే నిలిచి ఉన్న సమయంలో దాన్ని వెంటాడే మీ కన్ను 32 పిక్సెళ్లు ముందుకెళ్లిపోతుంది. అంతమేరా నంబరు ప్లేటు అలుక్కుపోతుంది. అదే 4కె తెర 144లో నడిస్తే మరక 13 పిక్సెళ్లు, 240లో 8. ఇప్పుడు 1080పి, 240 హెర్ట్జ్ తెర చూడండి: మరక 4 పిక్సెళ్లే. ఆ పిక్సెళ్లు పెద్దవి కాబట్టి 4కె లెక్కలో 8 అనుకుందాం. అయినా 4కె 60తో పోలిస్తే నాలుగో వంతు. ఆగి చూసే కొండకి, చెట్టుకి, ముఖానికి 4కె తన పూర్తి పదును ఇస్తుంది. గిర్రున తిరిగే తెరలో ఆ పదునులో చాలా భాగం హెర్ట్జ్ చాలక ఎగిరిపోతుంది. 4కె కొన్నా 60 హెర్ట్జ్‌ది మాత్రం వద్దనడానికి నాకు కనిపించే ముఖ్య కారణం ఇదే.

మొదటి అడుగు: మీరు నిజంగా ఏం ఆడుతున్నారు

స్టీమ్ (పీసీ గేములు కొని ఆడే యాప్) లైబ్రరీ తెరిస్తే అందులోని ఏ గేము ఎన్ని గంటలు ఆడారో అదే చెబుతుంది; వాలరెంట్ లాంటి, స్టీమ్‌లో లేని గేముల గంటలు మీరే అంచనా వేసుకోండి. ఆడబోయేవి లెక్కలోకి తీసుకోకండి, ఆడినవే చూడండి. కొత్త మానిటర్ వచ్చాక సైబర్‌పంక్ 2077 మొదలెడతానన్న కుర్రాళ్లు నెల తిరక్కుండా మళ్లీ వాలరెంట్ లాబీలోనే తేలతారు.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ షూటర్లు (తుపాకీ గేములు) మీ గంటల్లో సగం పైన ఉంటే మొగ్గు హెర్ట్జ్ వైపు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి, గుర్రం ఆపి సూర్యాస్తమయం చూసే గేములైతే మొగ్గు రిజల్యూషన్ వైపు. ఎల్డెన్ రింగ్ పీసీలో కూడా 60 ఫ్రేముల దగ్గర ఆగిపోతుంది, దాని కోసం 240 కొంటే డబ్బు దండగ. ఫుట్‌బాల్, కార్ రేసులు మధ్యలో ఉంటాయి, 120 దాటితే హాయిగా ఆడొచ్చు.

ఇక్కడే ఒక మాట. "లాగ్ అవుతోంది, అందుకే 240 హెర్ట్జ్" అనేవాళ్లు ముందు ఆ లాగ్ ఎక్కడిదో చూసుకోవాలి. వాలరెంట్ సర్వర్ ముంబైలో ఉంది. వైజాగ్ నుంచి సంకేతం అక్కడికి వెళ్లొచ్చే సమయం, అంటే పింగ్, ఏ మానిటర్‌తోనూ తగ్గదు. హాల్లో ఉన్న రూటర్ నుంచి మీ గదికి ల్యాన్ వైరు లాగించుకోవడం అంతకంటే చవక, దానివల్ల తేడా కూడా అదే రోజు తెలుస్తుంది.

రెండో అడుగు: పాత మానిటర్ మీదే కొత్తదాన్ని పరీక్షించండి

చాలామంది వదిలేసే అడుగు ఇదే, అసలు తీర్పు ఇచ్చేది కూడా ఇదే. 4కె మానిటర్ కొనకుండానే మీ కార్డు 4కెలో ఎన్ని ఫ్రేములు ఇస్తుందో చూడొచ్చు.

ఎన్‌విడియా కార్డైతే కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ 3డి సెట్టింగ్స్‌లోకి వెళ్లి డీఎస్‌ఆర్ ఫ్యాక్టర్స్ తెరవండి. లెగసీ స్కేలింగ్ కింద 1.78, 4.00 రెండూ టిక్ పెట్టండి. మీది 1080పి తెరైతే మొదటిది 1440పికి, రెండోది 4కెకి సమానం. ఏఎమ్‌డీ కార్డైతే దాని సాఫ్ట్‌వేర్‌లో వర్చువల్ సూపర్ రిజల్యూషన్ ఆన్ చేయండి. ఇక గేములోని రిజల్యూషన్ల జాబితాలో 2560×1440, 3840×2160 కనిపిస్తాయి. తెర పాతదే అయినా కార్డు మాత్రం నిజంగానే అన్ని పిక్సెళ్లూ గీస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ ఒక్కోసారి కనిపించదు. అప్పుడు గేము సెట్టింగ్స్‌లో రెండర్ స్కేల్ 133 శాతం పెడితే 1440పికి, 200 పెడితే 4కెకి దగ్గరగా పనిభారం పడుతుంది.

వీ-సింక్ (ఫ్రేముల్ని తెర వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపండి, గేములో ఫ్రేములకి పెట్టిన పరిమితి తీసేయండి. ఫ్రేములు లెక్కపెట్టే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని సగటు ఎఫ్‌పీఎస్‌తో (సెకనుకి ఫ్రేములు) పాటు "1% low" అన్న అంకె కూడా రాసుకోండి. ఆట ఎక్కడ తడబడుతుందో చెప్పేది ఈ రెండో అంకె. ఖాళీ మైదానంలో నిలబడి కొలవకండి. నగరం నడిబొడ్డున, పొగబాంబులు పేలుతున్నప్పుడు, మీరు మామూలుగా ఆడే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌తోనే పదిహేను నిమిషాలు ఆడండి. మూడు రిజల్యూషన్లలోనూ ఇలాగే.

ఇప్పుడు మీ కాగితం మీద అంకెలున్నాయి. వాటిని చదివే పద్ధతి ఇది.

1080పిలోనూ 1440పిలోనూ ఎఫ్‌పీఎస్ ఇంచుమించు ఒకటే వచ్చిందా? అయితే మీ కార్డు ఇంకా ఖాళీగానే ఉంది, వెనకబడింది ప్రాసెసర్. రిజల్యూషన్ పెంచినా మీకు పోయేదేమీ లేదు, నిశ్చింతగా 1440పికి వెళ్లండి. 240 హెర్ట్జ్ మీద ఆశ ఉంటే మాత్రం ముందు మార్చాల్సింది ప్రాసెసరే. వాలరెంట్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే, అది కార్డు కన్నా ప్రాసెసర్ మీద ఆధారపడే గేము.

అంకె నిట్టనిలువుగా పడిందా? ఉదాహరణకి 1080పిలో 130, 1440పిలో 85, 4కెలో 42 వచ్చాయనుకోండి. భారమంతా కార్డు మీదే ఉందని అర్థం. ఇలాంటి పీసీకి 4కె 144 హెర్ట్జ్ మానిటర్ తగిలిస్తే ఆ 144 డబ్బా మీదే ఉండిపోతుంది. నా కొలబద్ద ఒకటే: కొనబోయే రిజల్యూషన్‌లో మీ సగటు ఎఫ్‌పీఎస్, ఆ మానిటర్ హెర్ట్జ్‌లో మూడింట రెండొంతులైనా రావాలి. అంతకంటే తక్కువైతే ఏదో ఒక అంకెకి మీరు ఊరికే డబ్బు కడుతున్నారు.

డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ అనే అప్‌స్కేలింగ్ పద్ధతులు (చిన్న బొమ్మ గీసి దాన్ని పెద్దది చేసేవి) ఈ లెక్కని కొంత మారుస్తాయి. 4కెలో డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ పెడితే లోపల కార్డు గీసేది 1440పి బొమ్మే, పెర్ఫార్మెన్స్ పెడితే 1080పి. ఆధారం పెద్దది కాబట్టి ఫలితం బాగుంటుంది. అదే 1080పి తెర మీద క్వాలిటీ పెడితే లోపల మిగిలేది 720పి, జుట్టు, కంచెలు, ఆకులు పలచబడతాయి. కాబట్టి మీరు ఆడే గేములకి అప్‌స్కేలింగ్ ఉంటే దాన్ని ఆన్ చేసి కూడా ఒకసారి కొలవండి, 4కె అనుకున్నంత దూరంలో లేదని తేలొచ్చు. ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కల్పిత ఫ్రేములు చొప్పించేది) ఇచ్చే అంకెని మాత్రం కలపకండి. చూపుకి 110 కనిపించినా మౌస్‌కి మాత్రం అసలు ఫ్రేముల బరువే తెలుస్తుంది. షూటర్ ఆడేవాళ్లకి ఆ అంకె అక్కరకు రాదు.

మూడో అడుగు: టేపు తీసుకుని బల్ల కొలవండి

కుర్చీలో మామూలుగా కూర్చుని, కంటి నుంచి తెర ఉండబోయే చోటికి ఎంత దూరమో కొలవండి. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా విడగొట్టగలదు. 80 సెంటీమీటర్ల దూరంలో అది సుమారు 0.23 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా 27 అంగుళాల 1440పి తెరలో ఒక పిక్సెల్ పరిమాణం. కాబట్టి లోతైన బల్ల వేసుకుని వెనక్కి జారి కూర్చునేవాళ్లకి 27 అంగుళాల్లో 4కె ఇచ్చే అదనపు పదును పెద్దగా ఆనదు. హాస్టల్ గదిలో ఇరుకు బల్ల ముందు 50, 60 సెంటీమీటర్లలో కూర్చునేవాళ్లకి ఆనుతుంది.

అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చూస్తే: 24 అంగుళాల 1080పిలో 92, 27 అంగుళాల 1080పిలో 82, 27 అంగుళాల 1440పిలో 109, 32 అంగుళాల 4కెలో 138, 27 అంగుళాల 4కెలో 163. ఇందులో 27 అంగుళాల 1080పి ఒక్కదాన్నీ నేను ఎవరికీ చెప్పను. గేములో సర్దుకుపోవచ్చు గానీ తెలుగు చదవడానికి కూర్చుంటే తెలుస్తుంది బాధ. "రాష్ట్రం" అన్న మాటలో ష కింద ట ఒత్తు, పక్కనే రావత్తు, ఇంతా ఒక అక్షరం పొడవులోనే ఇరుక్కోవాలి. చిన్న ఫాంటులో అవి ముద్దగా కలిసిపోతాయి. పగలు మధురవాడ, రుషికొండ కంపెనీల పని ఇంటి నుంచి చేసుకుని, రాత్రి అదే తెర మీద ఆడుకునేవాళ్లు ఈ సంగతిని హెర్ట్జ్‌తో సమానంగా చూడాలి. ఎనిమిది గంటలు కోడ్, రెండు గంటలు గేమ్ అయితే కళ్లు అడిగేది పిక్సెళ్లనే.

ఇంకో చిక్కు. 1440పి తెరని 1080పిలో నడిపితే బొమ్మ మెత్తబడుతుంది, ఎందుకంటే ఒక పిక్సెల్‌ని అడ్డంగా, నిలువుగా 1⅓ పిక్సెళ్లుగా పరచాలి. 4కె తెర మీద 1080పి అయితే ఒక్కోటీ సరిగ్గా నాలుగు పిక్సెళ్లలో కూర్చుంటుంది, ఇంటీజర్ స్కేలింగ్ (పిక్సెల్‌ని పూర్ణసంఖ్య రెట్లలోనే పెంచే సెట్టింగ్) పెడితే అంచులు చెదరవు. ఈ మధ్య వస్తున్న డ్యూయల్ మోడ్ మానిటర్లు దీన్నే వాడుకుంటాయి: కథ గేముకి 4కె, షూటర్‌కి బటన్ నొక్కితే 1080పిలో రెట్టింపు హెర్ట్జ్. ఆలోచన బాగుంది. కానీ 32 అంగుళాల మీద 1080పి అంటే పిక్సెళ్లు కంకరరాళ్లలా కనిపిస్తాయని తెలిసి కొనండి.

నాలుగో అడుగు: తేల్చుకోండి

గంటల్లో ఎక్కువ భాగం పోటీ షూటర్లది, ప్రాసెసర్ 200 పైన ఫ్రేములు ఇస్తోంది, తెర మీద ఆఫీసు పని లేదు: 24 లేదా 25 అంగుళాల 1080పి, 240 హెర్ట్జ్. ప్రాసెసర్ 150 దగ్గరే ఆగిపోతుంటే 180 హెర్ట్జ్‌ది తీసుకుని మిగిలినది ప్రాసెసర్ కోసం దాచుకోండి.

అన్నీ కొంచెం కొంచెం ఆడతారు, పగలు పని కూడా అదే తెర మీద: 27 అంగుళాల 1440పి, 144 నుంచి 180 హెర్ట్జ్. వైజాగ్‌లో నన్నడిగేవాళ్లలో ఎక్కువ మందికి నా జవాబు ఇదే, మొహమాటం లేకుండా చెబుతున్నాను. మధ్యేమార్గం కదా అని కాదు. మధ్యరకం కార్డులు ఈ రిజల్యూషన్‌ని ఆయాసపడకుండా నింపగలవు, అందుకని.

కంట్రోలర్ పట్టుకుని కథ గేములే ఆడతారు, కార్డు గట్టిది లేదా డీఎల్ఎస్ఎస్‌తో 4కెలో 80 దాటుతోంది: 27 లేదా 32 అంగుళాల 4కె, కనీసం 120 హెర్ట్జ్. 32 దాటిన సైజు కావాలనుకునేవాళ్లకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కానీ మానిటర్ ధరతో ఆగదు లెక్క. 4కె తెర కొన్నవాళ్లు రెండేళ్లలో కార్డు కోసం మళ్లీ అదే షాపుకి వస్తారు. ఆ ఖర్చుని ఇప్పుడే కలుపుకోండి.

పీఎస్5 ఒక్కటే ఉందా? అది గరిష్ఠంగా ఇచ్చేది 120 హెర్ట్జ్. 240 మీకు అనవసరం. హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న 4కె 120 పైన చూసుకోండి. ఆ బడ్జెట్ లేకపోతే 1440పి తెర పరవాలేదు, 2022 సెప్టెంబరు అప్‌డేట్ నుంచి పీఎస్5 దాన్ని గుర్తిస్తుంది.

ఐదో అడుగు: డబ్బా మీద రాతలు

ప్యానెల్, అంటే తెర ఏ రకందన్న విషయం క్లుప్తంగా. ఐపీఎస్‌కి రంగులు, పక్క నుంచి చూపు బాగుంటాయి; నలుపు బూడిదరంగులా కనిపిస్తుంది, కాంట్రాస్ట్ సాధారణంగా 1000కి 1. వీఏలో అది 3000 దాకా ఉంటుంది, కానీ చవక వీఏల్లో చీకటి సీన్లలో నల్లటి తోక లాగుతుంది, షూటర్లకి పనికిరాదు. ఓలెడ్ రెండింటినీ మించిపోతుంది, అటు నలుపులోనూ ఇటు వేగంలోనూ. రోజంతా ఒకే టాస్క్‌బార్, ఒకే ఎక్సెల్ షీటు నిలబెట్టేవాళ్లు మాత్రం బర్న్-ఇన్ (ఒకే బొమ్మ తెర మీద ముద్రలా నిలిచిపోవడం) వారంటీ ఉందో లేదో రాతపూర్వకంగా చూసుకోవాలి.

1 ఎంఎస్ (మిల్లీసెకను) అన్న మాటని పట్టించుకోకండి. దాని పక్కన ఎంపీఆర్‌టీ అని ఉంటే, అది బ్యాక్‌లైట్‌ని మిణుకుమిణుకుమనిపించి సాధించిన అంకె. జీటీజీ అని ఉంటే అది పిక్సెల్ రంగు మారే వేగం, అది కూడా అనుకూలమైన చోట కొలిచింది. హెచ్‌డీఆర్ 400 (వెలుగు, చీకట్ల తేడా బాగా చూపిస్తుందనే ముద్ర) అన్నది పేరుకే. విడివిడిగా వెలుగు తగ్గించే లోకల్ డిమ్మింగ్ లేకుండానే ఆ ముద్ర వస్తుంది.

ఫ్రీసింక్ గానీ జీ-సింక్ కంపాటిబుల్ గానీ తప్పకుండా ఉండాలి. ఎఫ్‌పీఎస్ ఊగిసలాడినా బొమ్మ చిరగకుండా కాపాడేది అదే. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా ఫ్రీసింక్ తెరలతో పనిచేస్తాయి కాబట్టి, కార్డు కంపెనీ చూసి మానిటర్ కంపెనీ ఎంచుకోవాల్సిన రోజులు పోయాయి.

పోర్టుల దగ్గర చాలామంది బోల్తా పడతారు. హెచ్‌డీఎంఐ 2.0తో 4కెలో 60 హెర్ట్జ్, 1440పిలో 144 దాకా. 4కె 120కి హెచ్‌డీఎంఐ 2.1 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.4 గానీ కావాలి. మానిటర్‌కి ఉంటే చాలదు, మీ కార్డుకీ ల్యాప్‌టాప్‌కీ కూడా ఉండాలి.

ఆరో అడుగు: షాపులో

గోడకి వేలాడదీసి ఆడించే డెమో వీడియో చూసి నిర్ణయించకండి. అది సాధారణంగా 60 ఫ్రేములకి మించి ఉండదు, 240 హెర్ట్జ్ తెర దాని ముందు మూగదే. ఒక పీసీకి కలపమని అడగండి. టెస్ట్‌యూఎఫ్ఓ అనే వెబ్‌సైట్ తెరవండి, ఎగిరే పళ్లెం వేర్వేరు ఫ్రేము రేట్లలో పక్కపక్కనే కదులుతుంది. తర్వాత పూర్తి నలుపు, తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం తెరలు వేసి చచ్చిన పిక్సెళ్లు (పనిచేయని చుక్కలు), మూలల్లో వెలుగు కారడం చూడండి. ఎన్ని పిక్సెళ్లు పోతే మార్చి ఇస్తారో బిల్లు రాసే ముందే అడగండి. డబ్బు చేతిలో ఉండగా దొరికే జవాబు తర్వాత దొరకదు.

షాపులో పీసీ కలపకపోతే, ఊళ్లో ఏదైనా గేమింగ్ కెఫేలో ఒక గంట కూర్చుని రండి. అక్కడ కూడా ముందు విండోస్ సెట్టింగ్స్‌లో హెర్ట్జ్ ఎంతుందో చూడండి. 240 బోర్డు పెట్టి లోపల 60లో నడిపే చోట్లు లేకపోలేదు.

ఇంటికి తెచ్చేటప్పుడు 32 అంగుళాల డబ్బాని స్కూటీ ముందు నిలబెట్టి గాజువాక దాకా లాక్కెళ్లే సాహసం వద్దు. ఆటో మాట్లాడుకోండి, డబ్బాని పడుకోబెట్టకుండా నిలువుగానే ఉంచండి.

ఏడో అడుగు: ఇంట్లో బిగించాక

తీరా ఇంతా చేసి చాలామంది 60 హెర్ట్జ్‌లోనే ఆడుతుంటారు. విండోస్ కొత్త మానిటర్‌ని తరచూ 60కే పెడుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేటు మీరే మార్చాలి. జాబితాలో 144 కనిపించకపోతే మొదటి అనుమానం కేబుల్ మీద. డబ్బాతో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ వైరు పెట్టి చూడండి. వైరుని మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చారో లేదో కూడా.

మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్‌ని (పిక్సెల్ రంగు మారే వేగం పెంచేది) మధ్యలో పెట్టండి. గరిష్ఠంలో పెడితే కదిలే వస్తువు వెనక తెల్లటి నీడ పరుగెడుతుంది. ఫ్రీసింక్ ఆన్ చేసి, గేములో ఫ్రేముల పరిమితి హెర్ట్జ్ కన్నా మూడు తక్కువ పెట్టండి: 144కి 141.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాట్లలో పొద్దుటి ఎండ తిన్నగా గదిలోకి కొడుతుంది. తెర వీపు కిటికీ వైపుగానీ, ముఖం కిటికీ వైపుగానీ పెట్టకుండా పక్కవాటుగా పెట్టుకోండి. మెరుపు పూత ఉన్న ఓలెడ్ అయితే కర్టెన్ లేకుండా మధ్యాహ్నం దాకా మీ ముఖమే కనిపిస్తుంది. ఉప్పుగాలి లోహపు పిన్నులని తినేస్తుంది కాబట్టి వాడని పోర్టులకి రబ్బరు మూతలు పెట్టండి, కేబుల్‌ని అస్తమానం ఊడదీసి గుచ్చకండి. 600 వోల్ట్-ఆంపియర్ల (వీఏ) యూపీఎస్ మీద మానిటర్, రూటర్ హాయిగా నడుస్తాయి. గేము నడుస్తున్న పీసీని కూడా దానికే తగిలిస్తే కరెంటు పోగానే అన్నీ కలిసి ఆరిపోవచ్చు.

డబ్బా, థర్మకోల్ అటక మీద పెట్టి ఉంచండి. ప్యానెల్ తేడా చేసి సర్వీస్ సెంటర్‌కి పంపాల్సి వస్తే అందులోనే పంపాలి.